ఔటైనవాళ్లే తొట్టెల ఊపాలి

మొన్న తొర్రూరులో ఒక పెళ్లికి పోయాం. మా అత్తగారి తరఫు చుట్టాలు. పెళ్లికొడుకును అంతకుముందు నేను చూసిందే లేదు. ప్లేటు పట్టుకుని నిలబడి బగారా అన్నం తింటున్నాను. మా పది నెలల పాప మా అత్తమ్మ ఒడిలో నిద్రపోతోంది. అంతలో హాలు మూల నుంచి ఎవరి పసిపిల్లో ఏడ్చింది. అక్కడ కిటికీ ఊచలకు పాత చీరతో తొట్టెల కట్టారు. నాకు తెలివి వచ్చేసరికి ఎడమ చేతిలో ప్లేటు ఉంది, కుడి చేతిలో తొట్టెల తాడు ఉంది.

మా ఆయన వెనకే వచ్చి, "ఎవల పిల్ల?" అన్నాడు.

"ఏమో, నాకేం తెలుసు?"

"తెల్వకుంటనే ఊపుతాన్నవా?"

ఆ పిల్ల తల్లి తడిచేతులతోనే ఉరికొచ్చింది. నన్ను ఏ వరస పెట్టాలో తెలియక "థ్యాంక్స్ అక్కా" అంది. తాడు ఆమెకు అప్పగించి నేను పెరుగు కోసం పోయాను. నవ్వొచ్చింది, వెంటనే కొంచెం సిగ్గు కూడా వేసింది. రెండు నెలలుగా నేను ఒక మనిషికి ఫోన్లో "కుదరదు టీచర్" అని చెప్తూ వస్తున్నాను. ఈ తాడు అలవాటు నాకు అంటించింది ఆమే.

ఆమె మా బళ్లో జీవశాస్త్రం చెప్పేది. మాది వరంగల్‌లో ఆడపిల్లల సర్కారు బడి. ఆటల సారు బదిలీ అయిపోయాక ఆయన కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది, తరువాత ఆ కుర్చీని కూడా ఎవరో ఆఫీసు గదిలోకి తీసుకుపోయారు. ఖోఖో ఆడించమని టీచర్‌కు ఎవరూ చెప్పలేదు. ఒకరోజు బడి వదిలాక మేం గేటు దగ్గర ఊరికే నిలబడి ఉంటే చూసి, "గ్రౌండు ఖాళీగుంటే గడ్డి మొలుస్తది. మీరు గిట్లనే ఖాళీగుంటే మీకు గూడ మొలుస్తది" అంది. మర్నాడు ఇంటి నుంచి ముగ్గుపిండి డబ్బా తెచ్చి కోర్టు గీసింది. మా ఊరి ఆడవాళ్లందరికీ వచ్చినట్టే ఆమెకూ తిన్నటి గీత చేతిలో ఉంది. టేపు లేకుండా గీసిన ఆ కోర్టు ఒక వైపు కొంచెం పొడుగు వచ్చింది. మేం అదే అసలు కొలత అనుకుని ఏడాదంతా ఆడాం.

కొంగు బిగించి నడుముకు దోపేది. చీర కింద తెల్ల కాన్వాసు బూట్లు. జడ ముడిలో ఎర్ర పెన్ను. పుస్తెలతాడుకు అందరు ఆడవాళ్లకూ ఉండే పిన్నీసులే ఈమెకూ ఉండేవి, ఒకదానికి మాత్రం విజిల్ వేలాడేది. ఇంట్లో, బళ్లో, గ్రౌండులో అదే వేషం కాబట్టి అప్పుడప్పుడు తికమక పడేది. ఒకసారి కప్ప గుండెకు ఎన్ని గదులని అడిగితే వెనక బెంచీ వాళ్లు ముచ్చట్లు ఆపలేదు. టీచర్ బోర్డు వైపు తిరిగే ఉండి గట్టిగా విజిల్ ఊదింది. క్లాసు మొత్తం చటుక్కున లేచి, సగం మంది ఖోఖోలో మాదిరి ఎదురెదురు దిక్కులకు తిరిగి కూర్చున్నాం. పక్క గదిలోంచి హెడ్మిస్ట్రెస్ వచ్చి చూసి, తలుపు దగ్గరికి వేసి పోయింది.

చిక్కుడుకాయల కాలంలో సంచి తెచ్చుకునేది. ఆటను చూస్తూనే గిల్లేది. కళ్లు కోర్టు మీద, వేళ్లు కాయల మీద. పీచు సగం కాయలకే పోయేది. ఒక సాయంత్రం ఆమె భర్త స్కూటర్ మీద వచ్చి, మా అందరి ముందే, "మీ ఖోఖో అంత నా పండ్ల సందుల్ల ఇరుకుతాంది" అన్నాడు. టీచర్ సంచి ఆయన చేతిలో పెట్టి, "అయితె నువ్వు గిల్లు" అంది. ఆయన నిజంగానే గోడ మీద కూర్చుని గిల్లాడు. ఆ తరువాత చాలా రోజులు ఆ గోడ మీద ఆయన సీటు ఆయనకు ఉండేది.

ఆమెకు పెళ్లయిన పన్నెండేళ్లకు పాప పుట్టింది. అప్పటికి నేను ఎనిమిదిలో ఉన్నాను. ఇక ఖోఖో అయిపోయినట్టేనని మేం దిగులుపడ్డాం. సెలవు ముగించుకుని వచ్చిన రోజే టీచర్ గ్రౌండులో నీళ్ల ట్యాంకు కిందికి పోయి, దాని ఇనుప స్టాండు కడ్డీలను చేత్తో ఊపి చూసింది. మర్నాడు ఆ కడ్డీకి తన పాత నూలు చీరతో తొట్టెల కట్టింది. బడి వదిలే గంట కొట్టగానే పక్కింటామె పాపను తెచ్చి గేటు దగ్గర ఇచ్చిపోయేది. తొట్టెలకు ఒక పొడుగాటి తాడు. ఆ తాడుకు ఒక రూలు.

"ఔటైనోళ్లు ఉత్తగ కూసోవద్దు. తొట్టెల ఊపాలె. ఇంకొకలు ఔటయ్యేదాక నీ డ్యూటీ."

రూలు బాగానే ఉంది. చిక్కల్లా మా జట్టు బాగా ఆడేది, నేను బాగా ఆడేదాన్ని కాదు. పరుగెత్తే ముగ్గురిలో ముందు ఔటయ్యేది నేను. తరువాతి వాళ్లు ఔటవడానికి చాలాసేపు పట్టేది. లెక్క తీస్తే ఆ పిల్లను కన్నతల్లి కంటే నేనే ఎక్కువ ఊపి ఉంటాను. మా కెప్టెన్ శమీమ్ అయితే, "లతా, నువ్వు ఖోఖో టీమ్ల ఉన్నవా, తొట్టెల టీమ్ల ఉన్నవా?" అని రోజూ అడిగేది. శమీమ్ మెరిక. స్తంభం దగ్గర మలుపు తిరిగిందంటే వెంబడించేవాళ్ల చెయ్యి గాలికే తగిలేది. తాడు పట్టుకోవడం దానికి తెలియనే తెలియదు.

ఆ పిల్ల కూడా మాకు తగ్గట్టే తయారైంది. విజిళ్లు, "ఖో" అనే అరుపులు, ట్యాంకు నుంచి కారే నీళ్ల చప్పుడు, వీటి మధ్య అద్భుతంగా నిద్రపోయేది. ఇంట్లో చప్పుడు లేకపోతే లేచి కూర్చునేదట. ఇప్పుడు హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. హాస్టలు మెయిన్ రోడ్డు మీద ఉంటే అందరూ తిట్టుకుంటున్నారు, ఈమె మాత్రం కిటికీ తెరిచి పడుకుంటుందని టీచర్ చెప్పి నవ్వింది.

లెక్కల టీచర్ ఒకసారి అడగడం విన్నాను. "ఇంట్ల పిల్ల, బళ్లె క్లాసులు, మల్ల ఈ ఆటలు. మూడు పన్లు ఎట్ల జేస్తాన్నవమ్మా?"

"మూడెక్కడియి? ఒక్కటే. ఉరుకుడు" అంది టీచర్.

నేను తొమ్మిదిలోకి వచ్చాక పరకాలలో జిల్లా పోటీలు పడ్డాయి. ఫైనల్ దాకా పోయాం. గెలిస్తే రాష్ట్ర పోటీలకు రైల్లో తీసుకుపోతారు. మా జట్టులో అప్పటిదాకా రైలు ఎక్కినవాళ్లు ఒక్కరూ లేరు. శమీమ్ వాళ్ల అమ్మ అప్పుడే దానికి కొత్త బ్యాగు కొనిపెట్టింది. పరకాలలోనూ టీచర్ పాపను తెచ్చింది, గ్రౌండు పక్కన వేపచెట్టుకు తొట్టెల కట్టింది. కానీ ఔటైనవాళ్లు బెంచీ మీదే కూర్చోవాలని అంపైర్ గట్టిగా చెప్పాడు. అందుకని అక్కడి బడి ఆయమ్మకు తాడు అప్పగించింది.

చివరి టర్ను. రెండు జట్లకూ పాయింట్లు సమానం. అవతలివాళ్లు తరుముతున్నారు, మేం పరుగెత్తుతున్నాం. మాలో ఒక్కరిని ఔట్ చేస్తే వాళ్లు గెలుస్తారు. చేయలేకపోతే అదనపు ఆట పెడతారు, అందులో శమీమ్ ముందు వాళ్లు నిలవరని మాకు ధైర్యం. కోర్టులో ఉన్న ముగ్గురిలో నేనొకదాన్ని. ఎట్లా ఔటవలేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ రోజు నా కాళ్లు నావి కావు. "ఇర్వై సెకన్లు" అని శమీమ్ బెంచీ మీద నుంచి అరిచింది.

అప్పుడు పాప ఏడ్చింది. చివరి నిమిషం కదా, ఆయమ్మ కూడా తాడు వదిలేసి ఆట చూడ్డానికి లేచి వచ్చింది.

నన్ను ఎవరూ తరమడం లేదు. తరిమే పిల్ల అవతలి స్తంభం దగ్గర ఉంది. నేను మాత్రం గీత దాటి, గబగబా నడిచి, వేపచెట్టు కిందికి పోయి తాడు పట్టుకున్నాను. రెండు ఊపులు ఊపాక గాని నాకు విజిల్ వినబడలేదు. ఖోఖోలో రెండు కాళ్లూ గీత దాటితే ఔట్. వెనక్కి తిరిగి చూస్తే అవతలి జట్టువాళ్లు ఒకరినొకరు ఎత్తుకుంటున్నారు. మావాళ్లు నన్నే చూస్తున్నారు. నేను ఇంకా తాడు వదల్లేదు, వదిలితే పిల్ల మళ్లీ ఏడుస్తుందని.

తిరుగు బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. శమీమ్ ముందు సీట్లో బ్యాగును ఒళ్లో పెట్టుకుని కిటికీ బయటికి చూస్తోంది. కండక్టర్ "గెలిచిండ్రా బిడ్డా?" అని అడిగితే వెనక నుంచి ఎవరో టికెట్ డబ్బులు చాచారు. ఆత్మకూరు దాటాక టీచర్ పాపను ఎత్తుకుని వచ్చి నా పక్కన కూలబడింది. తిడుతుందని నేను తల వంచుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

"ఎందుకు పోయినవ్ బిడ్డా?"

"పాప ఏడ్చింది టీచర్."

"నాకు ఇనవడలే అనుకున్నవా?"

నేను తల ఎత్తాను. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. అప్పటిదాకా నేను ఆమెను అట్లా చూడలేదు.

"నీకంటె ముందే ఇన్న. పన్నెండేండ్లకు పుట్టిన పిల్ల, దాని గొంతు నాకు తెల్వదా? లేద్దామని కుర్సీ పట్టుకున్న. మీరంత గట్ల ఉరుకుతాంటె నడుమల నేనెట్ల లేస్త అనుకున్న. నేను లేవలే. నువ్వు లేచినవ్." పాపను ఇంకో భుజానికి మార్చుకుని అంది, "మనిద్దరిల ఎవ్వలిది తప్పో నాకైతే సమజయితలేదు."

ఒక పెద్దమనిషి, అందులోనూ టీచర్, నాతో అట్లా మాట్లాడటం అదే మొదలు. ఏడ్చేశాను. ఆమె నా ఒళ్లో పాపను పెట్టి, "జర పట్టుకో, పేపర్లు దిద్దుకోవాలె" అని ముడిలోంచి ఎర్ర పెన్ను తీసింది. ఆ కట్టలో నా పేపరు కూడా ఉంది. జాలిపడి నాలుగు మార్కులు ఎక్కువ వేస్తుందేమోనని ఓరకంట చూశాను. బస్సు కుదుపులకు మార్కుల చుట్టూ చుట్టిన సున్నాలు వంకరపోయాయి గాని, మార్కులు మాత్రం నేను రాసినంతే పడ్డాయి.

మర్నాడు గ్రౌండులో కొత్త రూలు వచ్చింది. "తొట్టెల్ల పిల్ల ఏడిస్తె ఔటైనోళ్లే సూస్కోవాలె. ఆడెటోళ్లు లైను దాటొద్దు." రూలు పెడితే చాలదు, సాధన కావాలంది. కానీ ఆ పిల్ల మాకు కావలసినప్పుడు ఏడవదు కదా. అందుకని శమీమ్‌ను ట్యాంకు కింద నిలబెట్టి, పసిపిల్ల మాదిరి ఏడవమంది. పరకాల నుంచి నాతో మాట్లాడని శమీమ్ కసి కొద్దీ ఏడ్చింది. నేను పరుగెత్తుతుంటే అది "క్యార్ క్యార్" అంటూ రాగం తీసేది. మూడో రోజు దాని గొంతు ఎంత ఘోరంగా ఉందంటే నిజం పాప లేచి దాన్ని వింతగా చూసింది. మేం కోర్టులోనే కూలబడి నవ్వాం. శమీమ్ వచ్చి నా వీపు మీద ఒక్కటి చరిచి, మాట్లాడటం మొదలుపెట్టింది. ఇప్పుడు అది పరకాల దవాఖానలో నర్సు. ఎప్పుడు ఫోన్ చేసినా హలో అనదు, "లైను దాటకు" అంటుంది.

పదోతరగతి అయ్యేలోపు మేం రైలు ఎక్కాం. అది వేరే సంగతి, అక్కడి మ్యాచ్‌లో నేను మొదటి నిమిషంలోనే ఔటయ్యాను.

టీచర్ రిటైరై ఏడాది దాటింది. వాచ్‌మన్ ఇప్పటికీ ఆమెకు గేటు తీస్తాడు. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని పిల్లలను ఆడిస్తోంది. కానీ మోకాళ్లు అరిగాయి, మెట్లు ఎక్కలేదు. నేను హన్మకొండలో ఒక ప్రైవేటు బళ్లో లెక్కలు చెప్తాను. రెండు నెలల కింద ఫోన్ చేసి, "కుర్సీల కూసొని ఎంతసేపు అరుసుడు? నువ్వు రా బిడ్డా. సాయంత్రం ఒక గంట" అంది.

"పాప సిన్నది టీచర్. కుదరదు."

"ఉంటె తీస్కరా. ట్యాంకు యాడికి పోలే."

పాప చిన్నది అన్నది సాకు కాదు, కానీ మొత్తం నిజం కూడా కాదు. నాకు నా కాలు సంగతి తెలుసు. ఎవరి పిల్లో ఏడిస్తేనే గీత దాటినదాన్ని, నా పిల్ల ఏడిస్తే ఆగుతానా? పన్నెండు మంది పిల్లలను మధ్యలో వదిలేసి పోయే మనిషి వాళ్లకు ఎందుకు? ఆ మాట ఆమెకు చెప్పలేక ప్రతిసారీ కుదరదన్నాను. తొర్రూరు పెళ్లి నుంచి వచ్చాక ఆగలేక చెప్పేశాను, ప్లేటు సంగతితో సహా. టీచర్ చాలాసేపు నవ్వింది. తరువాత, "ఫికర్ జెయ్యకు, సోమవారం రా" అని పెట్టేసింది.

పోయాను. ట్యాంకు స్టాండుకు కొత్తగా నీలం రంగు వేశారు. తొట్టెల అప్పటికే కట్టి ఉంది. తాడు కొత్తది, రూలు పాతదే. ఇప్పటి పిల్లలు చీర కింద కాన్వాసు బూట్లు వేసుకున్న నన్ను చూసి మొహం తిప్పుకుని నవ్వారు గాని, ఔటైన పిల్ల మాత్రం చెప్పకుండానే పోయి తాడు పట్టుకుంది. నా పాప గుండ్రటి కళ్లతో ఆ గోలంతా చూసి, మూడో రోజుకు నిద్రపోవడం నేర్చుకుంది.

పోయిన శనివారం పక్క బడితో మ్యాచ్ పెట్టుకున్నాం. స్నేహపూర్వకమే అయినా అంపైర్ ఉన్నాడు, బెంచీ ఉంది, ఔటైనవాళ్లు కదలకూడదు. మావాళ్లు పరుగెత్తుతున్నారు. కోచ్ కుర్చీలో నేను. నా పక్క కుర్చీలో టీచర్, ఒళ్లో చిక్కుడుకాయల సంచి. తాడు దగ్గర ఎవరూ లేరు. చివరి మూడు నిమిషాల్లో నా పాప లేచి ఏడ్చింది.

నా మడమ లేచింది. రెండు చేతులా కుర్చీని పట్టుకున్నాను. అప్పుడే కోర్టులో చివర పరుగెత్తుతున్న ఒక సన్నపిల్ల మెడ తిప్పి ట్యాంకు వైపు చూసింది. దాని కాలు గీత దగ్గరికి పోయింది. ఆ చూపు నాకు తెలుసు.

"లైను దాటకు" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆ పిల్ల ఉలిక్కిపడి మళ్లీ లోపలికి తిరిగింది.

పాప ఇంకా ఏడుస్తోంది. ఇంక ఆగలేక పక్కకు తిరిగాను. టీచర్ కుర్చీ ఖాళీ. చిక్కుడుకాయలు నేల మీద చెల్లాచెదరుగా ఉన్నాయి. మెట్లు ఎక్కలేని మనిషి కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి, పిన్నీసుకు వేలాడే విజిల్ ఎగురుతుంటే, ట్యాంకు దాకా ఉరికింది. తాడు పట్టుకోలేదు. వంగి పాపనే ఎత్తుకుని భుజాన వేసుకుంది.

అక్కడి నుంచి నన్ను చూసి, రొప్పుతూనే అంది, "ఈపాలి నేను లేచిన బిడ్డా. నువ్వు కూసో."

నేను కూర్చున్నాను. ఆటలో ఇంకా రెండు నిమిషాలు ఉన్నాయి.